తాబేలు చేత ముగ్గు వేయిద్దాం

(మహిళల రేడియో కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను మాట్లాడబోయే విషయం పేరు చెప్పగానే కొందరు రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతారేమోనని నా భయం. పిల్లలకు ఆటల ద్వారా కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్పడం, అదీ విషయం. ఈ మధ్య అందరి నోటా "కోడింగ్, కోడింగ్" అని వినబడుతోందే, అదే ఇది. "అది ఇంజనీర్ల వ్యవహారం, మనకెందుకమ్మా" అనుకోకండి. నేనూ మీలాంటి ఇల్లాలినే. పదో తరగతితో చదువు ఆపిన దాన్ని. అయినా ధైర్యంగా చెబుతున్నాను, ఈ విద్యకు కావలసిన సరంజామా సగం మన వంటింట్లోనూ వాకిట్లోనూ ఎప్పట్నుంచో వుంది.

దీన్ని గురించి ఇప్పుడెందుకు చెప్పుకోవాలంటారా? 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం మాధ్యమిక దశలో, అంటే ఆరో తరగతి మొదలు, పిల్లలకు కోడింగ్ పరిచయం చెయ్యాలని చెప్పింది. అది చూసుకుని కొన్ని వ్యాపార సంస్థలు తల్లుల వెంట పడ్డాయి. ఆరేళ్ళ పిల్లకు కోడింగ్ రాకపోతే బతుకే లేదన్నట్టు ఫోన్లు చేస్తారు. మా బంధువుల ఇంట్లో ఇలాగే ఏడాది ఫీజంతా అప్పు పద్ధతిలో కట్టించుకున్నారు. కుర్రాడు రెండు నెలలకే విసుగెత్తి మానేశాడు. వాయిదాలు మాత్రం ఏడాది పొడుగునా కడుతూనే వున్నారు. అంచేత, డబ్బు తియ్యకముందే అసలు ఈ విద్య ఏమిటో తల్లికి తెలిసి వుండడం మంచిది కదూ!

ప్రోగ్రామంటే మరేం లేదు. యంత్రానికి మనం రాసిచ్చే పనుల పట్టీ. ఏది ముందు, ఏది తరువాత, ఎన్నిసార్లు, ఎప్పుడు ఆపాలి, ఇలా జరిగితే ఏం చెయ్యాలి, అలా జరిగితే ఏం చెయ్యాలి అన్నీ పొల్లుపోకుండా చెప్పడం. కొత్త కోడలికి మీరు పప్పుచారు నేర్పుతున్నారనుకోండి. "ఆవాలు చిటపటలాడేదాకా ఆగు" అంటారు. ఆ "దాకా" వుంది చూశారూ, ప్రోగ్రాములో అది చాలా పెద్ద మాట. "కుక్కరు మూడు కూతలు కూశాక కట్టెయ్" అంటారు. అది లెక్కపెట్టి ఆపడం. "ఉప్పు చాలకపోతే మరో చిటికెడు వెయ్యి" అంటారు. అది షరతు. "పోపు పెట్టు" అని ఒక్క మాటలో అంటారు. ఆ ఒక్క మాట వెనక నూనె, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు, ఇంత వ్యవహారం వుంది. ఒకసారి నేర్పిన పనికి పేరు పెట్టి, ఆ తరువాత పేరుతోనే పిలుస్తున్నారు. ప్రోగ్రాము రాసేవాళ్ళు పొద్దస్తమానం చేసే పనులు ఇవే.

తేడా ఒక్కటే. కోడలికి బుద్ధి వుంది, యంత్రానికి లేదు. "పాలు పొయ్యి మీద పెట్టు" అంటే కోడలు పేకెట్టు కత్తిరించి, గిన్నెలో పోసి పెడుతుంది. యంత్రం పేకెట్టునే తీసుకెళ్ళి పొయ్యి మీద పెడుతుంది. మీరు అన్నదేదో అదే చేస్తుంది తప్ప, మీ మనసులో వున్నది చెయ్యదు. పిల్లలకు ఈ విద్య వల్ల అలవడేది ముందుగా ఇదే. మనసులో అనుకున్నదానికీ, నోటితో చెప్పినదానికీ మధ్య ఎంత దూరం వుందో తెలియడం.

ఇక ముగ్గు సంగతి చూడండి. "ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు సందుచుక్క" అని ముగ్గుల పుస్తకంలో ఒక్క ముక్క రాసి వుంటుంది. ఆ ముక్కతోనే మీరు మధ్య వరసలో 7, దానికి పైనా కిందా 6, ఆపైన 5, ఆపైన 4, మొత్తం 37 చుక్కలు తడుముకోకుండా పెట్టేస్తారు. అంత పని అంత చిన్న మాటలో ఇమిడి వుంది. మన ఆడవాళ్ళ గొప్పకోసం అంటున్న మాట కాదిది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ సిరోమొనీ, రాణీ సిరోమొనీ దంపతులు, కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. తమిళులు కోలమనే ముగ్గులను కంప్యూటర్ శాస్త్రంలోని వ్యాకరణ సూత్రాలుగా ఎలా రాయవచ్చో అందులో చూపించారు. ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలే.

మనం ముగ్గు కర్రతో చేసే పని, అమెరికాలో ఒక తాబేలు చేత చేయించారు. ఆ కథ కూడా వినండి. 1967లో మాసచూసెట్స్ రాష్ట్రంలో సీమర్ పేపర్ట్, వాలీ ఫర్జిగ్, సింథియా సాలమన్ మొదలైనవారు కలిసి, పిల్లల కోసమే "లోగో" అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు. పేపర్ట్ దక్షిణాఫ్రికాలో పుట్టిన గణిత శాస్త్రజ్ఞుడు. పిల్లల ఆలోచన ఎలా పెరుగుతుందో జీవితమంతా పరిశీలించిన జాన్ పియాజే దగ్గర జెనీవాలో కొన్నాళ్ళు పనిచేసినవాడు. పిల్లలకు లెక్కలు నోట్లో కుక్కడం కాదు, లెక్కలతో ఆడుకునే చోటు చూపించాలన్నది ఆయన పట్టుదల. లోగో వచ్చిన కొద్ది సంవత్సరాలకే నేల మీద పాకే చిన్న యంత్రపు తాబేలు ఒకటి దానికి తోడైంది. ఆ తాబేలుకు ఒక కలం తగిలించి వుండేది. "ముందుకు 100" అంటే వంద అడుగులు గీసుకుంటూ వెళ్ళేది. "కుడికి 90" అంటే మూల మలుపు తిరిగేది. ఈ రెండు ముక్కలూ నాలుగుసార్లు చెబితే చతురస్రం తయారు. తరువాత తరువాత తాబేలు కంప్యూటర్ తెర మీదికి ఎక్కింది. ఇప్పటికీ ఆ ఆట తెర మీద దొరుకుతుంది.

చతురస్రం తేలికే. త్రికోణంతోనే వస్తుంది తంటా. మా అమ్మాయి ఆరో తరగతిలో వుండగా, "త్రికోణంలో ఒక్కో కోణం 60 డిగ్రీలు కదా, ముందుకు 100, కుడికి 60, మూడుసార్లు" అని తాబేలుకు చెప్పింది. తాబేలు మూడు గీతలు గీసి, మూత లేని గిన్నెలాగా సగంలో ఆగిపోయింది. "ఈ తాబేలుకు బుర్ర లేదు" అని పిల్ల అలిగింది. "సరే, నువ్వే తాబేలువి" అని నేల మీద సుద్దతో త్రికోణం గీసి నడవమన్నాను. మొదటి మూలకు వచ్చి, తిరగబోయి, ఆగింది. అక్కడ కొంచెం తిరిగితే చాలడం లేదు. వచ్చిన దారికేసి దాదాపు వెనక్కి మళ్ళినంతగా మళ్ళాలి. మూడు మూలలూ తిరిగి బయలుదేరిన చోటికి వచ్చేసరికి తాను పూర్తిగా ఒక చుట్టు తిరిగినట్టు దానికే తెలిసింది. ఒక చుట్టంటే 360. మూడు మూలలకు పంచితే 120. ఆ సాయంత్రమే అయిదు కోణాల నక్షత్రం కూడా పట్టేసింది. నక్షత్రం గీసేటప్పుడు తాబేలు రెండు చుట్లు తిరుగుతుంది. 720ని 5 చేత భాగిస్తే 144. పుస్తకంలో కోణం లోపలిది, కాళ్ళకు తెలిసిన కోణం బయటిది. ఆ తేడా ఎన్ని ఎక్కాలు వల్లించినా ఇంత బాగా పట్టుబడేది కాదు. పిల్లలు తమ ఒంటితో తాబేలు ఒంట్లోకి దూరి ఆలోచించాలని పేపర్ట్ చెప్పింది ఇందుకే.

ప్రోగ్రాములో దొర్లిన పొరపాటును "బగ్" అంటారు, అంటే పురుగు. ఇంజనీర్లు ఆ మాట చాలాకాలంగా వాడుతున్నదే గాని, 1947 సెప్టెంబరు 9న హార్వర్డు విశ్వవిద్యాలయంలో మార్క్ 2 అనే యంత్రంలో నిజంగానే ఒక రెక్కల పురుగు ఇరుక్కుంది. దాన్ని తీసి పనివివరాల పుస్తకంలో అంటించి, పురుగు దొరికిందని సరదాగా రాసి పెట్టుకున్నారు. ఆ పుస్తకాన్ని అమెరికాలో స్మిత్‌సోనియన్ వారి ప్రదర్శనశాలలో దాచి వుంచారు. గ్రేస్ హాపర్ అనే గొప్ప కంప్యూటర్ శాస్త్రజ్ఞురాలు ఆ యంత్రం మీద పనిచేసిన బృందంలో వుండేది. ఈ కథ నాకెందుకు నచ్చిందంటే, అక్కడ పొరపాటు కనబడితే ఎవరూ తల దించుకోలేదు. దాచిపెట్టలేదు. పట్టుకుని పుస్తకానికి అంటించారు! మన ఇళ్ళలో పిల్లవాడి పలకమీద తప్పు కనబడగానే మనమేం చేస్తాం? ముందు మొట్టికాయ, తరువాత మాట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇలాంటి ఆట ఒకటి తెచ్చి పిల్లల చేతికిచ్చేస్తే చాలా? వాళ్ళకు బుద్ధి దానంతటదే పదునెక్కుతుందా? 1980 దశకంలో చాలామంది అలాగే ఆశపడ్డారు. న్యూయార్కులోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీలో రాయ్ పీ, మిడియన్ కర్లండ్ అనే పరిశోధకులు ఆ మాట నిజమో కాదో పరీక్షించి, 1984లో ఫలితాలు ప్రకటించారు. లోగో నేర్చిన పిల్లలు, ఒక పనికి ముందుగా పథకం వేసుకోవడంలో, నేర్వని పిల్లల కంటే మెరుగ్గా ఏమీ లేరని తేలింది. చాలామంది నీరుగారిపోయారు. అయితే 1988లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ క్లార్, షారన్ కార్వర్ అనే ఇద్దరు మరో సంగతి బయటపెట్టారు. వాళ్ళు పిల్లలకు ఆట ఇచ్చి వూరుకోలేదు. తప్పును ఎలా వెదకాలో వరసగా నేర్పారు. కావాలనుకున్నదేది, వచ్చినదేది, రెంటికీ తేడా ఏమిటి, ఆ తేడా ప్రోగ్రాములో ఏ భాగం వల్ల వచ్చి వుంటుంది, అక్కడికి వెళ్ళి చూడు, దిద్దు, మళ్ళీ నడిపించు. ఇలా నేర్చుకున్న పిల్లలు కంప్యూటర్ లేని చోట కూడా, అంటే ఎవరో రాసిచ్చిన దారి గుర్తుల్లో, సామాను సర్దే సూచనల్లో తప్పు ఎక్కడుందో చక్కగా పట్టుకోగలిగారు.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? ఆట ఒక్కటే నేర్పదు. ఆట పక్కన కూర్చుని సరైన ప్రశ్న వేసే మనిషి కావాలి. ఆ మనిషికి కంప్యూటర్ రావలసిన పని లేదు. మూడు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి. "నువ్వేం కావాలనుకున్నావు? ఏం జరిగింది? ఎక్కడ దారి తప్పింది?" ఇంతే. జవాబు మీరు చెప్పకండి. చెప్పాలని నాలుక దురద పెడుతుంది, అయినా చెప్పకండి. చారులో ఉప్పు ఎక్కువైతే ఎక్కడ పొరపాటు జరిగిందో వెనక్కి లెక్క చూసుకోవడం మనకు కొత్తా?

యంత్రం లేకుండానే మొదలుపెట్టవచ్చు. నేల మీద తొక్కుడుబిళ్ళకు గీసినట్టు అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్ళు గీయండి. అక్కడక్కడా పీట, చెంబు అడ్డం పెట్టండి. చివరి గడిలో ఒక జంతిక వుంచండి. పాత క్యాలెండరు కాగితాలు ముక్కలు చేసి, "ఒక గడి ముందుకు", "కుడికి తిరుగు", "ఎడమకు తిరుగు" అని రాయండి. ఒకరు చీటీలు పేర్చేవారు, ఒకరు యంత్రం. చీటీలన్నీ ముందే వరసగా పేర్చెయ్యాలి, మధ్యలో మార్చకూడదు. యంత్రంగా వున్నవాళ్ళు సొంతబుద్ధి ఉపయోగించకూడదు. చీటీ "ముందుకు" అంటే ఎదురుగా పీట వున్నా కాలు తగలాల్సిందే. తగిలిందా, నవ్వుకుని, ఏ చీటీ దగ్గర తప్పిందో వెదకాలి.

చూస్తూ వుండండి, పది తప్పుల్లో ఏడెనిమిది కుడి ఎడమల దగ్గరే జరుగుతాయి. పేర్చేవాడు తన ఎడమ చెబుతాడు. యంత్రం ఎదురుగా నిలబడి వుంటుంది గనుక దాని ఎడమ వేరు. ఎదుటి మనిషి నిలబడిన చోట నిలబడి చూడడం అక్కడే అలవాటవుతుంది. ఆ అలవాటు కంప్యూటర్‌కే కాదు, కాపురానికీ పనికొస్తుంది! నాలుగు రోజులయ్యాక "3 సార్లు" అని మరో రకం చీటీ చేర్చండి. పది చీటీల పని నాలుగు చీటీల్లో అయిపోతుందని పిల్లలకే తడుతుంది.

ఇంకో ఆట చెబుతాను. న్యూజీలాండ్‌లో కాంటర్బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, ఆయన మిత్రులు 1990 దశకంలో కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ శాస్త్రం నేర్పే ఆటలు కూర్చారు. వాటిలో ఒకటి ఇది. అయిదు అట్టముక్కలు తీసుకుని 16, 8, 4, 2, 1 చొప్పున చుక్కలు పెట్టండి. కొన్ని తెరిచి, కొన్ని బోర్లించి, ఏ అంకె అడిగితే ఆ అంకె చూపించాలి. 21 కావాలంటే 16, 4, 1 తెరవాలి, మిగతా రెండూ బోర్లించాలి. సున్నా నుంచి 31 దాకా, అంటే నెలలో ఏ తేదీ అయినా సరే, అయిదు అట్టలతో చూపవచ్చు. కంప్యూటర్ అంకెలన్నీ తెరిచినది, మూసినది అన్న రెండు గుర్తులతోనే రాసుకుంటుందని పిల్లలకు ఇట్టే అర్థమైపోతుంది. రోజూ పొద్దున్నే ఆ నాటి తేదీని అట్టలతో పెట్టమని చెప్పండి, సరదాగా వుంటుంది.

తరువాత యంత్రం దగ్గరికి రండి. అయిదు నుంచి ఏడేళ్ళ పిల్లలకు 2014లో వచ్చిన స్క్రాచ్ జూనియర్ అనే ఆట వుంది. బొమ్మ గుర్తులే గాని, చదవవలసిన అవసరం లేదు. అంతకంటే పెద్దవాళ్ళకు 2007లో అమెరికాలోని ఎమ్.ఐ.టి. వారు విడుదల చేసిన స్క్రాచ్ వుంది. రెండూ ఉచితమే. పిల్లలు అక్షరాలు కొట్టనక్కర్లేదు. రంగురంగుల దిమ్మెలు ఒకదానికొకటి అతికించినట్టు తెర మీద పేరుస్తారు. పొసగని దిమ్మె అతకదు. మొదటి కథగా కాకీ, కుండలో నీళ్ళూ చెయ్యమనండి. "నీళ్ళు అంచుదాకా వచ్చేదాకా గులకరాయి వెయ్యి, నీళ్ళు కాస్త పైకి జరుపు." ఆవాల "దాకా"యే మళ్ళీ వచ్చింది చూడండి. నీళ్ళు పైకి జరపడం మరిచిపోతే కాకి తెల్లవార్లూ రాళ్ళు వేస్తూనే వుంటుంది. అలా జరగనివ్వండి. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు, మళ్ళీ ఆ తప్పు చెయ్యరు.

ఇప్పుడు కొత్తగా మరో వింత వచ్చింది. దాని పేరు ఆగ్మెంటెడ్ రియాలిటీ. కళ్ళెదుట వున్నదానికి లేనిది కూడా చేర్చి చూపించడమన్నమాట. ఫోను కెమెరా మన వరండానే చూపిస్తుంది, కాని ఆ వరండాలో నెమలి నడుస్తున్నట్టు కనిపిస్తుంది. ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1968లోనే ఐవాన్ సదర్లాండ్ అనే శాస్త్రజ్ఞుడు తలకు తగిలించుకుని చూసే యంత్రం తయారుచేశాడు. బరువు ఎక్కువై దాన్ని పైకప్పు నుంచి వేలాడదియ్యాల్సి వచ్చింది. 2016లో పోకెమాన్ గో అనే ఆట వచ్చి, ఊరూరా పిల్లలూ పెద్దలూ ఫోన్లు పట్టుకుని వీధుల్లో తిరిగినప్పుడు ఈ వింత అందరికీ తెలిసింది.

కోడింగ్ నేర్పడానికి దీన్ని రెండు విధాలుగా వాడుతున్నారు. ఒకటి, పిల్లలు బల్ల మీద నిజమైన దిమ్మెలు పేరుస్తారు, కెమెరా వాటిని చదివి తెర మీది బొమ్మను నడిపిస్తుంది. ఐప్యాడ్‌కు చిన్న అద్దం తగిలించి బల్ల మీద దిమ్మెలను చదివించే ఆస్మో కోడింగ్ అనే ఆట 2016లో ఇలాగే వచ్చింది. రెండోది, పిల్లలే దిమ్మెల పద్ధతిలో ప్రోగ్రాము రాసి ఒక బొమ్మను కదిలిస్తారు, ఆ బొమ్మ మన గదిలోనే తిరుగుతున్నట్టు ఫోనులో చూసుకుంటారు. 2017లో వచ్చిన మెర్జ్ క్యూబ్ అనే ఘనాన్ని చేత్తో తిప్పుతుంటే, ఫోనులో ఆ ఘనం స్థానంలో తాము తయారుచేసిన లోకమే తిరుగుతూ కనిపిస్తుంది.

ఇందులో మంచి ఏమిటంటే, తెరలోకి ఎక్కిపోయిన తాబేలు మళ్ళీ మన నేల మీదికి దిగి వచ్చింది. పిల్లలు దాని చుట్టూ నడిచి, వెనక నుంచి చూసి, "ఓహో, ఇది దాని ఎడమా!" అని తెలుసుకోవచ్చు. ముందు వెనకలు, పైకిందలు, లోతు కొలతలు కంటికి కడతాయి. కాగితం మీద బోధపడని విషయం అలా బోధపడితే మంచిదే.

కాని వింత చూసి మురిసిపోవడం వేరు, నేర్చుకోవడం వేరు. ఇంట్లో పులి నడిచిందని పిల్లవాడు కేరింతలు కొట్టినంత మాత్రాన కోడింగ్ వచ్చినట్టు కాదు. ఆ పులిని ఎవరు నడిపించారు అని అడగండి. వాడు రాసిన ఆదేశాలతో నడిస్తే నేర్చుకున్నట్టు, వేలితో నొక్కితే నడిస్తే వేడుక చూసినట్టు. ఏ ఆట కొనేముందైనా ఇది చూసుకోండి. పిల్లవాడు ఆదేశాలు వరసగా పేరుస్తున్నాడా? తప్పు వస్తే తన ఆదేశాలను తిరిగి చూసుకునే వీలుందా? ఆట చెప్పినది కాకుండా తన సొంతానిది ఏదైనా తయారుచెయ్యగలడా? లేదన్నారంటే అది ఉత్త బొమ్మలాటే. బొమ్మలాటకు బొమ్మలాట ధరే ఇవ్వండి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఈ ఆటలు అన్ని ఫోన్లలోనూ పనిచెయ్యవు. కొనకముందే మీ ఫోనులో పనిచేస్తుందో లేదో అడగండి. ఫోను త్వరగా వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. ఫోనులోకి చూస్తూ నడిచే పిల్లలు బల్ల అంచులూ మెట్లూ చూసుకోరు. చుట్టూ సామాను తీసేసి, మేడ మీద, మెట్ల దగ్గర ఆడనివ్వకండి. ఆట కెమెరాకు అనుమతి అడుగుతుంది. అది మన ఇల్లంతా చూస్తోందని మరిచిపోకండి. ఆట అయ్యాక ఆ అనుమతి తీసెయ్యండి. మరీ చిన్నపిల్లల సంగతైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు ఒక గంటకు మించకూడదు, తగ్గితే మరీ మంచిది. వాళ్ళకు చీటీల ఆటే చాలు. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మరీనా బెర్స్ అనే ఆవిడ, అసలు తెరే లేకుండా, చెక్కదిమ్మెలతో నడిపించే చిన్న యంత్రాన్ని చిన్నపిల్లల కోసం తయారుచేసింది. తెర లేకపోతే చదువు లేదనేవాళ్ళకు అదే జవాబు.

"ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చిందిగా, అడిగితే ప్రోగ్రాము అదే రాసిస్తుందిగా, పిల్లలకెందుకీ తంటా?" అని కొందరు అడుగుతున్నారు. నిజమే, రాసిస్తుంది. మరి ఏం కావాలో విడమరిచి అడగవలసింది ఎవరు? అది ఇచ్చినది సరిగ్గా వుందో లేదో పట్టుకోవలసింది ఎవరు? మిక్సీ వచ్చాక రుబ్బురోలు పని తగ్గింది. పచ్చడి రుచి చూడవలసిన నాలుక మాత్రం మనదే.

చివరగా ఒక్క మాట. ఇది చెప్పడానికే ఇంతసేపు మాట్లాడానేమో కూడా. ఇంట్లో ఒక్క ఫోను వుంటే అది ముందు ఎవరి చేతికి వెళ్తోందో గమనించండి. చాలా ఇళ్ళలో అబ్బాయికి ఫోను, అమ్మాయికి చీపురు. "వాడికి కంప్యూటర్ అంటే ఇష్టమండీ, దీనికి అంత ఆసక్తి లేదు" అంటాం. చేతికిస్తే కదా ఆసక్తి పుట్టేది! కంప్యూటర్ అనే వస్తువు పుట్టకముందే, 1843లో, ఇంగ్లండులో ఏడా లవ్‌లేస్ అనే ఆవిడ, కాగితం మీదే వున్న ఒక లెక్కల యంత్రానికి పనుల వరస రాసి అచ్చువేయించింది. అమెరికాలో 1946లో ఎనియాక్ అనే పెద్ద కంప్యూటర్‌ను లోకానికి చూపించారు. దానికి ప్రోగ్రాములు సిద్ధం చేసినవారు ఆరుగురు ఆడపిల్లలు. ఆ నాటి సభలో వాళ్ళ పేరెత్తినవారు లేరు. చాలా సంవత్సరాల తరువాత గాని లోకం వాళ్ళను గుర్తించలేదు. ఈ విద్య మగపిల్లలదన్న మాట తరువాత పుట్టిందే.

అంచేత ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. గోడ మీద క్యాలెండరులో ఫోను వంతులు రాసి పెట్టండి, అన్నకు ఎంతసేపో చెల్లెలికీ అంతసేపు. ఇంటి పని వంతులు కూడా పక్కనే రాయండి, చెల్లెలికి ఎంతో అన్నకూ అంతే. తరువాత నేల మీద గళ్ళు గీసి, చీటీలు కత్తిరించి, ముందు అమ్మాయిని పేర్చమనండి, అబ్బాయిని యంత్రం కమ్మనండి. మీరు పక్కనే కూర్చుని బీన్స్ తరుక్కోండి. జంతిక దగ్గరికి చేరకుండా వాడి కాలు పీటకు తగిలినప్పుడు తల మాత్రం ఎత్తి, "నువ్వేం కావాలనుకున్నావమ్మా?" అని అడగండి.